తగ్గని చీలమండల వాపు: ఇంట్లో ఏం చేయాలి, ఏ క్రమంలో చేయాలి

మా అమ్మ కాలి మెట్టెలు బిగుసుకుపోవడం మొదలైనప్పుడు మాకెవరికీ అనుమానం రాలేదు. వేసవి కదా, కాళ్లు ఉబ్బాయిలే అనుకున్నాం. వారం తిరిగేసరికి సాయంత్రాలు పట్టీలు చీలమండల్లోకి దిగబడిపోయి, తీసేసిన గంటసేపటికి కూడా వాటి అచ్చు చర్మం మీద అలాగే ఉండేది. నేను రోజూ టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, గుప్పెడు గల్లుప్పు వేసి ఆమె కాళ్లు పెట్టించేదాన్ని. రాత్రికి వాపు తీసినట్లే ఉండేది, మర్నాడు సాయంత్రానికి మళ్లీ వచ్చేది. అలా మూడు నెలలు గడిచాక ఒక వైద్యురాలు కాళ్లు చూడకముందే, ఆమె రోజూ వేసుకునే మాత్రల షీట్లు చూపించమని అడిగారు. రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ మోతాదు అంతకుముందే 5 నుంచి 10 మిల్లీగ్రాములకు పెరిగింది. వాపు మొదలైంది ఆ తర్వాతనే. మందు మార్చిన కొన్ని వారాలకు మెట్టెలు వదులయ్యాయి.

ఆ మూడు నెలల్లో నేను ఉపచారాలు ముందు చేసి, కారణం చివర వెతికాను. ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునే చాలామంది చేసేది ఇదే కనుక, ఆ క్రమాన్ని సరిచేసి ఇక్కడ రాస్తున్నాను. ఇంటి వైద్యం మీద నాకు గౌరవం ఉంది. అందులో కొంత నిజంగా పనిచేస్తుంది కూడా. అయితే దిగిన నీటిని పైకి పంపడమే దానికి చేతనైన పని, ఆ నీరు ఎందుకు దిగుతోందో అది చెప్పలేదు.

నీరు చీలమండ దగ్గరే ఎందుకు చేరుతుంది

గుండె కొట్టిన రక్తం పాదాల వరకు సులువుగానే దిగుతుంది. తిరిగి పైకి రావాలంటే మాత్రం భూమ్యాకర్షణకు ఎదురీదాలి. నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగుసుకొని సిరలను నొక్కుతాయి, సిరల్లోని కవాటాలు ఆ రక్తాన్ని వెనక్కి జారనివ్వవు, అలా అంచెలంచెలుగా అది గుండెకు చేరుతుంది. గంటల తరబడి కదలకుండా నిలబడినా, కాళ్లు వేలాడేసి కూర్చున్నా ఈ పంపు ఆగిపోతుంది. సిరల్లో ఒత్తిడి పెరిగి, సన్నని రక్తనాళాల నుంచి నీరు చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరి, అన్నిటికన్నా కింద ఉన్న చీలమండ చుట్టూ నిలుస్తుంది. కవాటాలు చెడిపోయి సిరలు మెలికలు తిరిగినప్పుడు జరిగేది ఇదే. గుండె బలహీనపడితే రక్తం వెనుక నిలిచిపోతుంది. మూత్రపిండాల జబ్బులో శరీరం ఉప్పునూ నీటినీ బయటికి పంపలేకపోతుంది, లేదా మూత్రంలో ప్రోటీన్ పోతుంటుంది. కాలేయం పాడైతే రక్తంలో నీటిని పట్టి ఉంచే ఆల్బుమిన్ తగ్గుతుంది. పైకి కనిపించే వాపు ఒకటే, వెనుక ఉన్న కారణాలు ఇన్ని.

మొదటి అడుగు: ఇంట్లో ఆగకూడని వాపును గుర్తించడం

ఒక్క కాలే, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆ కాలికి మర్దన చేయకూడదు, కాపడం పెట్టకూడదు, కట్టు కట్టకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి, సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేయించుకోవాలి. శస్త్రచికిత్స జరిగి కొద్ది వారాలే అయినవారు, బాలింతలు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, మంచాన పడి లేచినవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. దీనితోపాటు ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం వస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమోనన్న అనుమానంతో వెంటనే 108కి ఫోన్ చేయాలి.

గర్భిణులకు నెలలు నిండే కొద్దీ సాయంత్రాలు కొంత వాపు రావడం సహజమే. 20 వారాలు దాటాక వాపు ముఖానికీ చేతులకూ పాకినా, తలనొప్పి, చూపు మసకబారడం, కుడివైపు డొక్క కింద నొప్పి ఉన్నా, రక్తపోటు 140/90కి చేరినా తల్లికీ బిడ్డకూ ప్రమాదం. అలాంటప్పుడు "పురుడయ్యాక అదే పోతుంది" అని సర్దిచెప్పడం చాలా పొరపాటు.

వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చి దిండ్లు ఎత్తుగా పెట్టుకోవలసి రావడం, పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బి ఉండడం, మూత్రం నురగగా పోవడం, పొట్ట ఉబ్బడం, కళ్లు పచ్చబడడం — వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి ఉపచారాలకు ముందే వైద్య పరీక్ష జరగాలి.

రెండో అడుగు: నొక్కి చూడడం, కొలవడం, రాసుకోవడం

చీలమండకు నాలుగు వేళ్ల పైన, కాలి ముందు ఎముక మీద బొటనవేలితో పది సెకన్లపాటు మెల్లగా నొక్కి తీయండి. గుంట పడి, నిదానంగా పూడుతుంటే అది నీరు దిగిన వాపు. ఎంత లోతుగా పడింది, పూడడానికి ఎంతసేపు పట్టింది అన్నవి గమనించండి. గుంట పడకుండా చర్మం గట్టిగా, దళసరిగా ఉంటే థైరాయిడ్ లోపమో, కణజాలంలోని నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే శోషరస (లింఫ్) నాళాల సమస్యో కావచ్చు.

తర్వాత దర్జీ టేపుతో కొలవండి. చీలమండ గూడకు సరిగ్గా పైన ఒక కొలత, మోకాలి చిప్ప కింద చేతికి తగిలే ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు దిగువన పిక్క చుట్టూ ఇంకొకటి, రెండు కాళ్లకూ తీసుకోవాలి. రెండు పిక్కల మధ్య తేడా 3 సెంటీమీటర్లు మించితే వైద్యులు రక్తపు గడ్డ కోసం వెతుకుతారు. ఉదయం మంచం దిగకముందు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, వారం రోజులు కొలిచి నోటు పుస్తకంలో రాసుకోండి. ఉదయం పూర్తిగా తగ్గి సాయంత్రానికి పెరిగే వాపు చాలావరకు సిరలకో నిలబడే పనికో మందులకో సంబంధించినది. రాత్రంతా పడుకున్నా తగ్గని వాపుకు కారణం ఇంకొంచెం లోతుగా వెతకాలి.

బరువు కూడా రోజూ ఉదయం మూత్రవిసర్జన తర్వాత, ఏమీ తినకముందు చూసుకోవాలి. ఒక్క రోజులో కిలోకు మించి, లేదా వారంలో రెండు కిలోలకు మించి బరువు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. గుండె జబ్బు ఉన్నవారు అదే రోజు తమ వైద్యుడికి చెప్పాలి.

మూడో అడుగు: మందుల డబ్బా తెరవడం

ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ వంటి మందులు రక్తాన్ని తీసుకువచ్చే సన్నని ధమనులను వ్యాకోచింపజేస్తాయి. సిరలు మాత్రం ఆ మేరకు వ్యాకోచించవు. వచ్చే దారి వెడల్పై పోయే దారి ఇరుకుగానే ఉంటే మధ్యలో ఒత్తిడి పెరిగి నీరు ఊరుతుంది. శరీరంలో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కాబట్టి, మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవు. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో, మరో రకం రక్తపోటు మందు జోడించడమో వైద్యుడు చేస్తారు. దాన్ని మీ అంతట మీరు ఆపితే రక్తపోటు పెరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

మధుమేహానికి వాడే పయోగ్లిటజోన్, నరాల మంటలకు ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబలిన్, స్టెరాయిడ్లు కూడా కాళ్ల వాపు తెస్తాయి. అన్నిటికన్నా ఎక్కువగా కంటికి కనిపించకుండా ఉండేవి నొప్పి మాత్రలు. మోకాళ్ల నొప్పులని మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఉప్పునూ నీటినీ శరీరంలో నిలిపేస్తాయి, మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. పేరు లేని పొట్లాల్లో ఇచ్చే కీళ్లనొప్పుల పొడులలో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం ఉంది. ఇంట్లో వాడే ప్రతి మాత్ర పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ రాసి, వాపు మొదలైన తేదీని పక్కనే పెట్టి చూడండి.

ఈ కాగితంతోపాటు వైద్యుడి దగ్గరకు వెళ్తే, మూత్రంలో ప్రోటీన్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఆల్బుమిన్‌తో కూడిన కాలేయ పరీక్ష, థైరాయిడ్, హిమోగ్లోబిన్, అవసరాన్ని బట్టి ఇ.సి.జి., ఎకో (గుండె స్కాన్) రాస్తారు. వాపు రెండు వారాలకు మించి ఉంటే ఈ పరీక్షలు ఒకసారి చేయించుకోవడం ఖర్చు దండగ కాదు.

నాలుగో అడుగు: కాళ్లు ఎత్తి పెట్టడం

ఇంటి ఉపచారాలన్నిటిలో నేను మొదటి స్థానం ఇచ్చేది దీనికే. చాలామంది కుర్చీలో కూర్చొని ఎదురుగా స్టూలు మీద కాళ్లు చాపి, ఎత్తి పెట్టామనుకుంటారు. పాదం అప్పటికీ గుండె కంటే కిందనే ఉంటుంది. మంచం మీదనో చాప మీదనో వెల్లకిలా పడుకొని, పిక్కల కింద నుంచి పాదాల వరకు రెండు మూడు దిండ్లు పెట్టి, పాదాలు గుండె కంటే పైకి వచ్చేలా చూడాలి. మోకాలు కాస్త వంగి ఉండాలి, మడమ గాలిలో ఉండాలి. ఒక్కో విడతకు 20 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు విడతలు చేస్తే, మూడు నాలుగు రోజుల్లోనే టేపు కొలతలో తేడా కనిపించవచ్చు.

రాత్రంతా దిండ్లు జారిపోతున్నాయంటే మంచం కాళ్ల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 10 నుంచి 15 సెంటీమీటర్లు ఎత్తు చేయండి. మంచం కదలకుండా ఉందో లేదో ముందే చూసుకోండి. పడుకుంటే ఆయాసపడే గుండె రోగులు మాత్రం ఈ పని చేయకూడదు, ఎందుకంటే కాళ్లలోని నీరంతా ఒక్కసారిగా ఊపిరితిత్తుల మీద భారమవుతుంది. కాలు ఎత్తగానే పాదం పాలిపోయి నొప్పి పెడితే ధమనుల్లో అడ్డంకి ఉండవచ్చు. వారు కూడా ఆపి వైద్యుడికి చూపించుకోవాలి.

ఐదో అడుగు: పిక్కను పనిలో పెట్టడం

కూర్చున్నచోటే, పడుకున్నచోటే పాదాన్ని ముందుకు చాచి, మళ్లీ వేళ్లను మోకాలి వైపు లాగాలి. గంటకోసారి ఇరవై ముప్పై సార్లు చేస్తే చాలు. తర్వాత గోడ పట్టుకొని మునివేళ్ల మీద లేచి నెమ్మదిగా దిగడం రెండు పూటలా పదిహేనేసి సార్లు. ఇవి అలవాటయ్యాక రోజుకు అరగంట నడక. వేగం అక్కర్లేదు, మడమ నేలకు ఆని వేళ్ల మీదుగా పాదం లేచేలా నడవడం ముఖ్యం.

రోజంతా నిలబడి పనిచేసేవారికి ఇది మరీ అవసరం. బట్టల షోరూముల్లో ఉదయం నుంచి రాత్రి వరకు కూర్చోకుండా చీరలు చూపించే ఆడపిల్లల చీలమండలు సాయంత్రం చూస్తే బాధ కలుగుతుంది. వారికి కూర్చునే ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ దుకాణాల చట్టాలను సవరించాయి. ప్రతి యజమానీ ఒక్కో కౌంటరు వెనుక ఒక స్టూలు వేయడానికి చట్టం కోసం ఎదురుచూడనవసరం లేదు.

పిల్లల దగ్గరకు అమెరికాకు విమానంలో వెళ్లే తల్లిదండ్రులది ఇంకో సందర్భం. నాలుగు గంటలకు మించిన ప్రయాణంలో సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. ఇక్కడి నుంచి అక్కడికి ప్రయాణమైతే దాదాపు ఒక రోజంతా పడుతుంది. నడవా పక్కన సీటు అడిగి తీసుకొని, గంటకోసారి లేచి నాలుగడుగులు నడవాలి. దిగిన తర్వాత రెండు పాదాలూ సమానంగా ఉబ్బి ఒకటి రెండు రోజుల్లో తగ్గితే భయం లేదు. ఒక కాలే వాచి నొప్పి పెడితే మొదటి అడుగులో చెప్పినట్లు చేయాలి.

ఆరో అడుగు: ఉప్పు లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమంటుంది. అంటే రోజు మొత్తానికి ఒక చిన్న చెంచాడు. మీ ఇంటి లెక్క ఇలా వేసుకోండి: నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ నెల రోజుల్లో అయిపోతే, మనిషికి రోజుకు 8 గ్రాములకు పైనే పడినట్లు. ఇందులో పచ్చళ్లు, అప్పడాలు, బయట తిన్నవి కలవలేదు.

మన భోజనంలో ఉప్పు ఎక్కువగా దాగి ఉండేది కూరలో కాదు, కంచం అంచున. ఆవకాయలో చాలా ఇళ్లలో కారం, ఆవపిండి, ఉప్పు దాదాపు సమపాళ్లలోనే పడతాయి. పెరుగన్నంలో నంజుకునే చల్లమిరపకాయ, ఊరమిరపకాయ, వడియం, ఎండుచేప — ఇవన్నీ ఉప్పుతోనే నిలవ ఉండేవి. అప్పడాల పిండిలో ఉప్పుతోపాటు కలిపే క్షారంలోనూ, బజ్జీల పిండిలో వేసే వంటసోడాలోనూ, కడుపుబ్బరానికి నీళ్లలో పొంగించి తాగే పొడులలోనూ ఉప్పులో ఉన్న సోడియమే ఉంటుంది. పచ్చడి పూర్తిగా మానమంటే మా అమ్మ రెండు రోజులు కూడా ఆగలేదు. ఒక్క పూటే, చెంచా కొసతో, ఒక్క ముక్క అని నియమం పెట్టుకున్నాక ఆరు నెలలుగా నిలబడింది. మజ్జిగలో ఉప్పు బదులు అల్లం, కరివేపాకు, నిమ్మరసం వేశాం. కూరల్లో సగం ఉప్పు వేసి పులుపు పెంచాం. రెండు మూడు వారాలకు నాలుక అలవాటు పడుతుంది.

సోడియం తక్కువని అమ్మే ఉప్పులలో దాని బదులు పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్, టెల్మిసార్టన్ వంటి గుండె, రక్తపోటు మందులు వాడేవారు వైద్యుడిని అడగకుండా వాటిని ముట్టకూడదు. రక్తంలో పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది.

నీళ్లు తాగడం మీ అంతట మీరు తగ్గించుకోవద్దు. గుండె, మూత్రపిండాల రోగులకు వైద్యుడు కొలత చెబుతారు. మిగిలినవారు దాహానికి తగినట్లు తాగవచ్చు.

ఏడో అడుగు: మేజోళ్లు, కట్లు

సిరల సమస్య అని తేలినవారికి ఒత్తిడి మేజోళ్లు బాగా పనిచేస్తాయి. మంచం దిగకముందే, వాపు లేని సమయంలో తొడగాలి, రాత్రి పడుకునేటప్పుడు తీసేయాలి. ముడతలు పడితే ఆ చోట చర్మం కోసుకుపోతుంది. ఉదయం కొలిచిన కొలతలతోనే సైజు కొనాలి. క్రేప్ బ్యాండేజ్ (సాగే గుడ్డ కట్టు) కట్టేవారు వేళ్ల మొదలు నుంచి పైకి చుట్టాలి, కింద కాస్త బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉండాలి. చాలామంది చీలమండకు మాత్రమే బిగించి కడతారు, దాంతో పాదం ఇంకా ఉబ్బుతుంది. చాలా ఏళ్లుగా మధుమేహం ఉన్నవారు, పొగతాగేవారు, పాదాలు చల్లగా ఉండేవారు ముందుగా పాదంలో నాడి అందుతోందో లేదో వైద్యుడితో చూపించుకున్నాకే వీటిని వాడాలి.

బెణికిన చీలమండ వాపు వేరే సంగతి. మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన మంచు 15 నిమిషాల చొప్పున పెట్టడం, కట్టు, విశ్రాంతి సరిపోతాయి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి.

ఎనిమిదో అడుగు: వంటింటి, పెరటి వైద్యాలు

గోరువెచ్చని ఉప్పునీరు, ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) నీరు అలసిన కాళ్లకు హాయినిస్తాయి. నీరు తీసే శక్తి వాటికి లేదు. నీళ్లు మరీ వేడిగా ఉంటే రక్తనాళాలు వ్యాకోచించి వాపు పెరుగుతుంది కూడా. మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారు వేడి తెలియక బొబ్బలు తెచ్చుకుంటారు. ముందు మరొకరు మోచేయి ముంచి చూడాలి, పది నిమిషాలు దాటకూడదు.

బార్లీ జావ, ధనియాల కషాయం మితంగా తాగితే తప్పు లేదు. వాటిలో ఉప్పు వేయకండి. ఆయుర్వేదంలో పునర్నవ అనీ, మన పల్లెల్లో గలిజేరు, అటికమామిడి అనీ పిలిచే ఆకును వాపులకు వాడడం పాత అలవాటు. పప్పులో వేసుకుని వారానికొకసారి తినవచ్చు. రోజూ గ్లాసెడు రసం తాగడం, ముఖ్యంగా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, అస్సలు వద్దు. ఆముదపు ఆకు వెచ్చచేసి కట్టడం, వావిలాకు నీళ్లతో కాపడం కీళ్లనొప్పులకు ఊరటనిస్తాయి. జిల్లేడు ఆకు కట్టేటప్పుడు దాని పాలు చర్మాన్ని పొక్కిస్తాయి, కంట్లో పడితే మరీ ప్రమాదం. వాచిన కాలికి అది వద్దనే నా సలహా.

మర్దన చేయాలనుకుంటే కొబ్బరినూనెతో, అరచేయి ఆనీ ఆనకుండా, పాదం నుంచి మోకాలి వైపే చేయాలి. ఎవరో చెప్పారని నీరు తీసే మాత్ర కొని వేసుకోవడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. సోడియం, పొటాషియం పడిపోయి పెద్దవాళ్లు స్పృహ తప్పవచ్చు.

తొమ్మిదో అడుగు: వాచిన చర్మాన్ని కాపాడడం

వాపు చాలాకాలం ఉన్న కాలికి చిన్న గీత పడినా త్వరగా మానదు. శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల వరకు, తెలంగాణలోనూ బోదకాలు ఉన్నవారు చాలా ఊళ్లలో కనిపిస్తారు. క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే పురుగులు శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి ఉండి వాటిని పాడుచేస్తాయి. వ్యాధిని 2027 నాటికి నిర్మూలించాలన్నది దేశం పెట్టుకున్న లక్ష్యం. అందుకోసం ఆరోగ్య సిబ్బంది ఇంటికి వచ్చి ఇచ్చే మాత్రలను వారి ఎదుటే మింగడం మన వంతు. గర్భిణులకు, రెండేళ్ల లోపు పిల్లలకు, తీవ్రంగా జబ్బుపడినవారికి మాత్రం అవి ఇవ్వరు.

బోదకాలైనా, సిరల వాపైనా, రోజూ చేయవలసింది ఒకటే. కాలిని సబ్బుతో, గది వేడికి ఉన్న శుభ్రమైన నీటితో, రుద్దకుండా కడగాలి. వేళ్ల సందుల్లోకి మెత్తని గుడ్డ పోనిచ్చి తడి అద్దాలి. సందుల్లో తెల్లగా పాసినట్లుంటే ఫంగస్ పట్టిందని అర్థం, దానికి మందు రాయాలి. మడమ పగుళ్లకు కొబ్బరినూనె, నడకకు వెడల్పైన మెత్తని చెప్పులు. మెట్టెలు, పట్టీలు బిగుసుకునేదాకా ఆగక ముందే తీసేయాలి. ఒకవేళ కాలు ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా మారి చలిజ్వరం వస్తే చర్మంలో ఇన్‌ఫెక్షన్ చేరినట్లే. వ్యాయామం, కాపడం, మర్దన అన్నీ ఆపి, ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీసి, పక్కనే సమయం వేసి, ఆ రోజే వైద్యుడికి చూపించాలి. ఎరుపు ఆ గీత ఎంత దాటిందో చూసి ఆయన మందు నిర్ణయిస్తారు.